ఒకే తోటలో నాలుగు వైరస్‌లు: కృష్ణా లంకలో తీగజాతి కూరగాయల కేసు

తాడేపల్లి దాటి కరకట్ట మీదుగా కొల్లిపర వైపు వెళ్తుంటే ఎడమ చేతి వైపు ఏటి ఒడ్డున లంక పొలాలు మొదలవుతాయి. అరటి, పసుపు, కంద, వాటి మధ్య అక్కడక్కడా రాతి స్తంభాల పందిళ్లు. ఈ కేసు అలాంటి ఒక కౌలు పొలానిది. మొత్తం రెండున్నర ఎకరాలు. ఎకరంలో మల్చింగ్ షీట్ మీద పుచ్చ, ముప్పావు ఎకరం పందిరి మీద బీర, అర ఎకరం పందిరి మీద సొర. మిగిలిన పాతిక సెంట్లలో అంతకుముందు వేసి, కోతలు అయిపోయినా పీకకుండా వదిలేసిన దోస.

మార్చి మొదట్లో రైతు ఫోన్ చేశారు. "సార్, తోట మొత్తానికీ వైరస్ తగిలిందండీ. జెమినీ అంటున్నారు. ఎన్ని కొట్టినా ఆగట్లా."

గుంటూరు చుట్టుపక్కల మిరప పుణ్యమా అని జెమినీ వైరస్ (తెల్లదోమతో వచ్చే ఆకుముడత వైరస్) అన్న మాట తెలియని రైతు లేడు. దాంతో ఆకు ముడుచుకున్నా, పచ్చబడినా, మొవ్వ ఎండినా అన్నిటికీ అదే పేరు. కొట్లో కూడా అదే పేరు మీద మందు ఇస్తారు. ఈయన దాచుకున్న బిల్లుల్లో రెండు రకాల తెల్లదోమ మందులు, ఒక తెగుళ్ల మందు, ఒక సూక్ష్మపోషకాల ప్యాకెట్, వాటితో పాటు "వైరస్‌కి స్పెషల్" అని ఇచ్చిన సీసా ఉన్నాయి. అన్నీ ఒకే ట్యాంకులో కలిపి, మూడు పంటలకీ ఒకేలా, వారానికోసారి కొట్టారు. మొక్కలోకి వెళ్లిన వైరస్‌ని చంపే మందు ఏ కొట్లోనూ లేదు. ఆ సీసాలో ఏముందో లేబుల్ మీద కూడా సరిగా రాయలేదు.

ఆకు కంటే ముందు పటం

ఇలాంటి పొలంలో నేను ముందు ఆకు పట్టుకోను. వైరస్ లక్షణాలు ఒకదానితో ఒకటి కలిసిపోతాయి. పైగా అంతంత మందులు పడిన ఆకు మీద మాడు మచ్చలు కూడా ఉంటాయి. అందుకని తెల్లకాగితం మీద వరసలు గీసి, జబ్బు మొక్క ఉన్నచోటల్లా ఒక గుర్తు పెట్టుకుంటూ నడుస్తాను. ఏ వైరస్ అయినా తనని మోసుకొచ్చిన దాని అడుగుజాడలోనే పొలంలో కనిపిస్తుంది.

ఈ పొలంలో ఆ పటంలో సగం రైతు భార్యే నోటితో చెప్పేశారు. రోజూ కోతకీ కలుపుకీ తిరిగేది ఆవిడే. "సొరలో అయితే వరసకి వరసే పోయిందన్నయ్యా, పక్క వరస మటుకు నిక్షేపంగా ఉంది. బీరలో అట్టా కాదు, దోస వైపు నుంచి లోపలికి పాక్కుంటా వచ్చింది. పుచ్చలో ఇక్కడొకటి అక్కడొకటి." గీసి చూస్తే ఆవిడ చెప్పింది చెప్పినట్టే వచ్చింది. మూడు పంటలకీ మూడు పటాలు. జబ్బు ఒక్కటే అయితే, మోసే పురుగు ఒక్కటే అయితే ఇలా రాదు.

పుచ్చ

పుచ్చలో తీగ కొసలు నేల మీద పాకడం మానేసి నిటారుగా పైకి లేచి ఉన్నాయి. కణుపుల మధ్య దూరం తగ్గి, కొస దగ్గర ఆకులు చిన్నవై గుత్తిగా చేరాయి. కాండం మీద గోధుమ రంగు చారలు. ఇంకా ముదిరిన వాటిలో మొవ్వ మాడిపోయింది. పుచ్చ వేసే వాళ్లకి ఇది బాగా తెలిసిన మొవ్వుకుళ్లు. దీనికి కారణం వాటర్‌మెలన్ బడ్ నెక్రోసిస్ వైరస్. మోసేది తామర పురుగు, ముఖ్యంగా థ్రిప్స్ పామి అనే జాతి. మిరప పూలలో 2021 నుంచి గుంటూరు రైతుని ఏడిపించిన నల్ల తామర పురుగు వేరే జాతి. రైతు ఆ రెంటినీ ఒకటే అనుకుని మిరప మందు తెచ్చి పుచ్చకి కొట్టారు.

తామర పురుగు విషయంలో తెలుసుకోవాల్సిన ముక్క ఒకటుంది. వైరస్‌ని అది పిల్ల దశలోనే తీసుకోగలదు. రెక్కలొచ్చాక జబ్బు మొక్క మీద ఎంత పీల్చినా మోసే శక్తి రాదు. పిల్లగా ఉన్నప్పుడు తీసుకున్నది మాత్రం పెద్దయ్యాక బతికినంతకాలం అంటిస్తూనే ఉంటుంది. అంటే పుచ్చలో చెదురుమదురుగా కనిపించిన మొక్కలన్నీ బయట ఎక్కడో జబ్బు మొక్క మీద పుట్టి పెరిగి, గాలివాటున వచ్చి వాలిన పురుగుల పని. పడమటి గట్టు వైపు గుర్తులు కాస్త ఒత్తుగా పడ్డాయి. ఆ వైపున కట్ట అవతల నెల ముందు వేసిన పుచ్చ ఉంది. కాయ కోసేశారు కానీ తీగలు అలాగే ఉన్నాయి.

రైతు చేతిలో అప్పటికే ఒక ల్యాబ్ రిపోర్టు ఉంది. ఎలైసా (యాంటీబాడీతో వైరస్‌ని పట్టే పరీక్ష) చేసి "వేరుశనగ మొవ్వుకుళ్లు వైరస్ పాజిటివ్" అని ఇచ్చారు. "మా చుట్టుపక్కల వేరుశనగ వేసినోడే లేడండీ" అని ఆయనకి కోపం. ఆ రిపోర్టు అబద్ధం కాదు, అలాగని పూర్తిగా నిజమూ కాదు. ఈ రెండు వైరస్‌లూ దగ్గరి చుట్టాలు. వాటి తొడుగు ప్రొటీన్లు ఎంత దగ్గరంటే, ఒకదానికి తయారుచేసిన యాంటీబాడీ రెండోదాన్ని కూడా పట్టేస్తుంది. విడదీయాలంటే ఆ ప్రొటీన్ జన్యువు సీక్వెన్స్ (అక్షరాల వరస) చదవాల్సిందే. ఈ కుటుంబంలో ఆ ప్రొటీన్ అమైనో ఆమ్లాల పోలిక 90 శాతం దాటకపోతే వేరే జాతి కింద లెక్క. ఈ రెంటి మధ్య పోలిక ఎనభైలలోనే ఆగుతుంది. మన శాంపిల్ సీక్వెన్స్ పుచ్చ వైరస్‌తోనే కలిసింది.

ఈ వైరస్ జన్యుపదార్థం మూడు విడి ముక్కలుగా ఉంటుంది. ఒకే మొక్కలో రెండు దగ్గరి జాతులు చేరితే ముక్కలు తారుమారై కొత్త జత తయారయ్యే వీలుంది. అందుకే మినుము, పెసర, టమాటా, పుచ్చ ఒకదాని వెంట ఒకటి సాగే మన ప్రాంతంలో ఒక్క ముక్క చదివి మొత్తం వైరస్ గురించి తీర్పు చెప్పడానికి నేను ఇష్టపడను. ఈ కేసులో రైతుకి కావాల్సిన నిర్ణయానికి మాత్రం ఆ ఒక్క ముక్క సరిపోయింది.

బీర, దోస

బీరలో లేత ఆకులు పైకి ముడుచుకుని, పసుపు మచ్చలతో గరుకుగా, చేత్తో పట్టుకుంటే అట్టముక్కలా ఉన్నాయి. తీగ ఎదగలేదు. పూత వచ్చినా పిందె వంకర. ఆకు తిప్పితే తెల్లదోమ లేచింది. పటంలో దోస గట్టు దగ్గర చిక్కగా మొదలై లోపలికి పోనుపోను పలచబడింది.

కొబ్బరి ఆకుల అడుగున తెల్లగా చుట్టలు చుట్టినట్టు కనిపించే దోమే ఇదంతా తెచ్చిందని ఊళ్లో అందరూ అనుకుంటున్నారు. అది వేరే దోమ, ఈ వైరస్‌ని మోయదు. దీన్ని మోసేది బెమీసియా టబాసి అనే తెల్లదోమ. జబ్బు ఆకు మీద కాసేపు రసం పీలిస్తే చాలు, కొన్ని గంటల తర్వాత నుంచి చాలా రోజులు, దాదాపు చచ్చేదాకా అంటిస్తూ పోతుంది.

పీసీఆర్‌లో బీర, దోస రెండూ బెగోమోవైరస్ (జెమినీల్లో తెల్లదోమ మోసే గుంపు) పాజిటివ్. ఇక్కడితో ఆపేయొచ్చు, చాలామంది ఆపేస్తారు. కానీ బెగోమోవైరస్ అన్నది ఇంటిపేరు మాత్రమే, మనిషి పేరు కాదు. గుమ్మడిలో పసుపు ఈనెలు తెచ్చేది ఒకటి, కాకరలో మరొకటి, టమాటాలో ఇంకొన్ని. ఇది వేరే పంట నుంచి వచ్చిందా, ఈ దోస నుంచే వచ్చిందా అన్నది తేలితే తప్ప ఏ గట్టు శుభ్రం చేయమని చెప్పాలో తెలియదు. అందుకని పూర్తి డీఎన్‌ఏ-ఏ చదివించాం. ఈ వైరస్‌కి రెండు డీఎన్‌ఏ వలయాలుంటాయి, ఒక్కొక్కటి సుమారు 2,700 అక్షరాలు. 'ఏ' వలయంలో వైరస్ తన సంఖ్య పెంచుకునే పనీ తొడుగు కట్టే పనీ ఉంటాయి. బీ వలయం మొక్కలో ఒక కణం నుంచి ఇంకో కణానికి దారి చేస్తుంది. డీఎన్‌ఏ-ఏ పోలిక 91 శాతం దాటితే ఒకే జాతి, 94 శాతం దాటితే ఒకే స్ట్రెయిన్ (జాతిలో ఉపరకం) అని అంతర్జాతీయంగా పెట్టుకున్న హద్దు.

రెండు పంటల్లోనూ టమాటో లీఫ్ కర్ల్ న్యూఢిల్లీ వైరసే ఉంది. బీరలోదీ దోసలోదీ ఒకదాని మీద ఒకటి పెడితే తేడా చాలా కొద్ది అక్షరాల్లోనే కనిపించింది. నిజానికి సీక్వెన్స్ ఒకేలా ఉన్నంత మాత్రాన ఇటు నుంచి అటు వెళ్లిందని తేలదు, అటు నుంచి ఇటైనా రావచ్చు. దిక్కు చెప్పింది పంట వయసూ, పటమూ. బీర మొలకెత్తేటప్పటికే దోస ముడుచుకుని ఉందని భార్యాభర్తలిద్దరూ చెప్పారు.

పేరులో టమాటా ఉన్నా ఈ వైరస్ తీగజాతిలో (దోస, సొర, బీర, పుచ్చల కుటుంబంలో) వేళ్లూనుకుని చాలాకాలమైంది. 1995లో ఢిల్లీ టమాటా నుంచి దీన్ని వర్ణించారు. 2012లో స్పెయిన్‌లో జుకినీ తోటల్లో బయటపడింది. అక్కడి నుంచి ఇటలీ, ట్యునీషియా, మొరాకోల్లో కూడా కనిపించింది. మధ్యధరా ప్రాంతపు శాంపిళ్లు చదివితే దాదాపు అన్నీ ఒకేలా ఉంటాయి, బహుశా ఒక్కసారి ప్రవేశించినదే అంతా పాకింది. అది అక్కడ తీగజాతికి బాగా అలవాటు పడి, టమాటాలో మాత్రం పెద్దగా నిలవలేకపోయింది. మన దేశంలో అలా కాదు. వైరస్ ఇక్కడిదే, ఏడాది పొడవునా ఏదో ఒక పంట ఉంటుంది, ఒకే మొక్కలో రెండు మూడు బెగోమోవైరస్‌లు కలిసి ముక్కలు మార్చుకుంటాయి, ఒకదాని 'ఏ' వలయం ఇంకోదాని 'బీ' వలయంతో జతకడుతుంది. కాబట్టి వైవిధ్యం ఇక్కడ చాలా ఎక్కువ. ప్యాకెట్ మీద "వైరస్ టాలరెంట్" అని రాసున్న హైబ్రిడ్ ఒక జిల్లాలో నిలబడి ఇంకో జిల్లాలో పడిపోవడానికి ఇది ఒక పెద్ద కారణమని నా నమ్మకం. ఏ వైరస్‌కి, ఏ స్ట్రెయిన్‌కి తట్టుకుంటుందో రాయనంతవరకూ ఆ మాటకి నేను విలువ ఇవ్వను.

దోసలో రెండో వైరస్ కూడా దొరికింది, పపాయ రింగ్‌స్పాట్ వైరస్. ఇక్కడే అసలు తగాదా ఉంది. తూర్పు గట్టు అవతల బొప్పాయి తోట, ఆకుల మీదా కాయల మీదా ఉంగరాల మచ్చలు. "ఆయన తోట నుంచే మాకు వచ్చింది" అని ఈయన. "నీ దోస నుంచే నా బొప్పాయి పోయింది" అని ఆయన. ఇద్దరికీ మాటల్లేవు.

ఈ వైరస్‌లో రెండు రకాలున్నాయి. పీ రకం బొప్పాయికీ తీగజాతికీ రెంటికీ వస్తుంది. డబ్ల్యూ రకం తీగజాతికే వస్తుంది, బొప్పాయి జోలికి పోదు. తొడుగు ప్రొటీన్ సీక్వెన్స్ ఒక్కటి చూసి ఇది పీ, ఇది డబ్ల్యూ అని గట్టిగా చెప్పలేం. వంశవృక్షం గీస్తే రెండూ విడివిడి కొమ్మల్లో కాకుండా కలగలిసి వస్తాయి. పాత పద్ధతే నయం. దోస ఆకుని చల్లటి ఫాస్ఫేట్ ద్రావణంలో నూరి, ఆ రసాన్ని లేత ఆకుల మీద చిటికెడు కార్బోరండం పొడి చల్లి వేలితో మెల్లగా రుద్దాం. ఆ పొడి కంటికి కనపడనంత చిన్న గాట్లు పెడుతుంది, వైరస్ అందులోంచి లోపలికి పోతుంది. పురుగు దూరని వలలో కొన్ని దోస మొలకలకి, కొన్ని బొప్పాయి మొలకలకి ఇలా చేశాం. దోస మొలకల్లో మొజాయిక్ (లేత, ముదురు పచ్చ మచ్చలు) తేలింది. బొప్పాయి మొలకలు నెల దాటినా శుభ్రంగా ఉన్నాయి, పీసీఆర్‌లో కూడా నెగెటివ్. దోసలోది డబ్ల్యూ రకం. ఎవరి జబ్బు వారిదే. ఆ కాగితం ఇద్దరికీ చూపించాను. మాటలు కలిశాయో లేదో నాకు తెలియదు కానీ, గట్టు మీద కలుపు మాత్రం తర్వాత ఇద్దరూ కొట్టించారు.

సొర

ఈ కేసులో ఎక్కువ ఆలోచించాల్సింది సొర గురించే. ఆకుల్లో లేత, ముదురు ఆకుపచ్చ మచ్చలు కలగలిపి, ముదురు భాగం బొబ్బల్లా ఉబ్బి ఉంది. పురుగు ఏమీ లేదు. జబ్బు మాత్రం గీత గీసినట్టు వరస వెంట పోయింది.

పందిరి సొరకి రైతులు 3జీ కటింగ్ చేస్తారు. తల్లి తీగ కొన కత్తిరిస్తే పిల్ల తీగలు వస్తాయి, వాటి కొనలు కత్తిరిస్తే మనవ తీగలు. ఆడపూలు ఎక్కువగా వచ్చేది వీటి మీదే. ఎలా కత్తిరించారో చూపించమన్నాను. జేబులోంచి షేవింగ్ బ్లేడు ముక్క తీశారు. అంచున ఆకు రసం నల్లగా ఎండి ఉంది. ఒక వరస ఈ చివర మొదలుపెట్టి ఆ చివరి దాకా అదే బ్లేడు, సాయంత్రానికి ఆపేసి, మర్నాడు కొత్త వరస కొత్త ముక్కతో.

అక్కడే స్ట్రిప్ టెస్ట్ పెట్టాం. ఆకుని సంచిలో నలిపి స్ట్రిప్ ముంచితే నిమిషాల్లో రెండో గీత పడింది. కుకుంబర్ గ్రీన్ మాటిల్ మొజాయిక్ వైరస్. 1935లో ఇంగ్లండ్ కీర తోటల్లో మొదట వర్ణించిన వైరస్ ఇది. పొగాకు మొజాయిక్ వైరస్‌కి చుట్టం. దోమ, పేనుబంక, తామర ఏదీ అక్కర్లేదు. విత్తనంతో వస్తుంది, చేయీ బ్లేడూ తాడూ తగిలితే పాకుతుంది, ఎండిన రసంలోనూ మట్టిలోని పాత వేళ్లలోనూ నెలల తరబడి బతికే ఉంటుంది. సొరకి వారం వారం కొట్టిన తెల్లదోమ మందంతా వృథా.

దీని సీక్వెన్స్ గురించి ఒక మాట. బీరలో సీక్వెన్స్ మనకి దారి చూపింది, ఇక్కడ చూపదు. ఈ వైరస్ పెద్దగా మారదు. దేశాలు దాటి తెచ్చిన శాంపిళ్లు కూడా చాలావరకు 98, 99 శాతం కలుస్తాయి. విత్తన వ్యాపారంతో పాటు ఖండాలు దాటడమే దీని చరిత్ర. 2013లో కాలిఫోర్నియాలో, 2014లో ఆస్ట్రేలియా ఉత్తర ప్రాంతపు పుచ్చ తోటల్లో బయటపడి అక్కడ పెద్ద గొడవే అయింది. అందుకే సొర సీక్వెన్స్‌కి డబ్బు పెట్టొద్దన్నాను. దాని బదులు ప్యాకెట్లో మిగిలిన గింజల్ని పురుగు దూరని చోట కొత్త ట్రేలో, కొత్త కొబ్బరి పొట్టులో మొలకెత్తించాం. కొన్ని మొలకలు స్ట్రిప్‌లో పాజిటివ్ వచ్చాయి. విత్తనంతోనే వచ్చిందనడానికి అంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

ఏం చేశాం

దోసని ముందు తీసేయించాం, కానీ నేరుగా పీకలేదు. ఊరికే పీకితే తెల్లదోమంతా లేచి బీర మీద వాలుతుంది. సాయంత్రం దోసకి మందు కొట్టి, మర్నాడు పొద్దున పీకి, అక్కడే గొయ్యి తీసి కప్పెట్టారు. బీరలో గట్టు వైపు వరసలు వదులుకోమన్నాను. ఆయనకి మనసొప్పలేదు, "ఇంకా పూత ఉందండీ" అన్నారు. ఆవిడే ముందు పీకడం మొదలుపెట్టారు. లోపలి వరసలకి తెల్లదోమ లెక్క చూసుకుని మాత్రమే మందు, అదీ పొద్దున్నే. బీర పూలు సాయంత్రం విచ్చుకుంటాయి, అప్పుడు కొడితే పరాగం చేసే పురుగులు పోయి పిందె పడదు. సగం వంకర పిందెలకి కారణం ఇదే అయి ఉంటుంది.

దోసలోని రింగ్‌స్పాట్ లాంటి, పేనుబంక మోసే వైరస్‌కి మందు దాదాపు పనికిరాదు. అది క్షణాల్లో ముల్లు దింపి అంటించేస్తుంది, మందుకి చచ్చేది ఆ తర్వాతే. దానికి గట్టు చుట్టూ జొన్న వరసలు నయం. పేను ముందు జొన్న మీద వాలి ముల్లు తుడుచుకుంటుంది. ఆ వేసవికి సమయం దాటిపోయింది కాబట్టి తర్వాతి పంటకి రాసిచ్చాను.

పుచ్చ అప్పటికే పిందె మీద ఉంది. తీగ పాకక ముందైతే జబ్బు మొక్క పీకడం లాభం, ఆ దశలో కాదు. మొవ్వ మాడిన మొక్కలు తీసేసి, నీలి రంగు జిగురు అట్టలు పెట్టి, కాయని ఒడ్డుకు చేర్చుకోమన్నాను. గట్టు వైపు కాయ చిన్నదై, ధర రాలేదు.

సొరలో కటింగ్ ఆపించాం. తప్పనిసరైతే బాగున్న వరస నుంచి మొదలుపెట్టి జబ్బు వరసలో ముగించాలి, మొక్క మొక్కకీ చేతులూ బ్లేడూ వెన్న తీసిన పాలపొడి కలిపిన నీళ్లలో ముంచాలి, లీటరుకి 200 గ్రాములు. పాలలోని ప్రొటీన్ వైరస్‌ని పట్టేస్తుంది. పాలపొడి మాట వినగానే రైతు నవ్వారు, ఆవిడ మాత్రం ధర అడిగారు. బ్లీచింగ్ ద్రావణం చౌక, కానీ బ్లేడుకి తుప్పు, చేతికి మంట.

తర్వాతి పంట

అసలు చిక్కు సొర పందిరి. ఆ మట్టిలో వెంటనే సొర, కీర, దోస, పుచ్చ ఏవీ వేయకూడదు. స్తంభాలూ తీగలూ ఉన్న పందిరికి కౌలు ఎక్కువ. దాన్ని ఖాళీగా వదిలేయమంటే ఏ కౌలు రైతూ వినడు, వినమనడం న్యాయమూ కాదు. తీగజాతి కానిది, పందిరెక్కేది కావాలి. పందిరి చిక్కుడు వేయించాం.

బీర నారు ఈసారి 50 మెష్ వల (తెల్లదోమ దూరని సన్న వల) కింద ట్రేల్లో పెంచారు. జొన్న మూడు వరసలు, బీర నాటడానికి మూడు వారాల ముందే వేశారు. అన్నిటికంటే పనిచేసింది మాత్రం మధ్యలో నెల రోజులు ఆ పొలంలోనూ గట్ల మీదా తీగజాతి మొక్క ఒక్కటీ లేకుండా చూసుకోవడం. బీరలో ముడత వచ్చింది కానీ, నాలుగైదు కోతలు చేతికొచ్చాకే వచ్చింది. పుచ్చకి వెండి రంగు షీట్ వేశారు, లేత దశలోనే జబ్బు మొక్కలు పీకారు. అయినా పడమటి వైపు మొవ్వుకుళ్లు తప్పలేదు. కట్ట అవతలి రైతు మళ్లీ ముందే వేశారు. ఆ విషయంలో ఈయన ఒక్కరూ చేయగలిగింది లేదు, నాటే తేదీ రెండు పొలాల వాళ్లూ కలిసి పెట్టుకోవాలి.

విత్తనం కంపెనీతో మాట్లాడితే, ప్యాకెట్ విప్పిన తర్వాత తమ బాధ్యత లేదన్నారు. కొట్టు బిల్లు మీద లాట్ నంబరు రాయలేదు. కవర్ దొరికింది కాబట్టి నంబరు తెలిసింది, బిల్లుతో కలపడానికి మాత్రం దారి లేకపోయింది. పరిహారం ఏమీ రాలేదు. ఇప్పుడు ఆయన లాట్ నంబరు బిల్లు మీద రాయించుకుంటున్నారు, ప్రతి ప్యాకెట్లో పాతిక గింజలు పక్కన పెడుతున్నారు.

మొన్న వెళ్లినప్పుడు పందిరి మీద చిక్కుడు రెండో కోతలో ఉంది. నాలుగైదు పాదుల్లో ఆకుల మీద పసుపు మచ్చలు కనిపించాయి. చిక్కుడుకి తెల్లదోమ మోసే బెగోమోవైరస్ వేరే ఉంది, దాని నుంచి బీరకి భయం లేదని చెప్పి, శాంపిల్ తీసుకున్నాను. సొర మళ్లీ ఎప్పుడు వేయొచ్చని అడిగారు. పందిరి కింద పాత సొర వేళ్లు పూర్తిగా కుళ్లిపోయాక, ఆ మట్టిలో కుండీలో సొర మొలకలు పెంచి స్ట్రిప్ పెట్టి చూసి చెప్తానన్నాను.